మిరపకాయ చేయని నేరం

ఆ వారం మా ఇంట్లో జరగాల్సిన పనులు ఇవి.

ఎండుమిరపకాయల మూటను వీధి చివర చెంచయ్య మామ కొట్టంలో పెట్టి రావాలి. కారం డబ్బా, పచ్చడి జాడీలు అటకెక్కాలి. అమ్మ కోల్డ్ స్టోరేజీలో పని దిగి రాగానే పెరట్లో పంపు దగ్గరే స్నానం చేసి, కట్టుకున్న చీర అక్కడే తడిపి, ఆ తర్వాతే ఇంట్లో అడుగు పెట్టాలి. హెలెన్ అక్క తువ్వాలు, పక్కబట్టలు విడిగా ఉతకాలి. ఎర్రదైనా పచ్చదైనా వంటలో మిరపకాయ పడకూడదు. చివరగా, ఈ సంగతి నాన్నకు చెప్పాలి.

చివరిది తప్ప మిగతావన్నీ పొద్దున్నే మొదలైపోయాయి.

“డిగ్రీ చదివింది నువ్వే కదా, నువ్వే చెప్పు” అంది అమ్మ.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. గ్యాస్ బండ రాకపోయినా, ఆధార్‌లో పేరు తప్పు పడినా, కరెంటు ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చినా ఆ పని నాది. బీయస్సీ కెమిస్ట్రీ పూర్తిచేసి, చిలకలూరిపేట హైవే పక్కన ఒక స్పిన్నింగ్ మిల్లులో నూలు పరీక్షించే ల్యాబులో పనిచేస్తున్నాను. పేరు ప్రసన్నకుమార్. నాన్న ఏసోబు జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు ఎత్తే హమాలీ. అమ్మ అంకమ్మ సీజనంతా మిరపకాయలకు తొడిమలు తీసే కూలికి వెళ్తుంది. అక్క బస్టాండు వెనక సందులో బ్యూటీ పార్లర్ నడుపుతోంది.

నాన్న సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, ఆయన అన్నంలో మిరపకాయ నంజుకోడు. మిరపకాయ తింటూ అన్నం నంజుకుంటాడు.

పళ్ళెం ముందు కూర్చోగానే చెప్పేశాను.

“ఎందుకురా?” అన్నాడు.

“అక్క చేతుల కోసం నాన్నా. ఆ మంట దేనివల్లో తేల్చాలి.”

“తేల్చేదేముంది. మిరపకాయ వల్లే. ఊరంతా చెప్తోంది.”

“ఊరంతా చెప్తే చాలదు కదా, రుజువు కావాలి.”

“నువ్వు దాని మీద నేరం రుజువు చేసేదాకా నేను చప్పిడి తినాలా?”

“ఒక్క వారమే.”

నాన్న సొరకాయ కూర వంక చూశాడు. తర్వాత గడప దగ్గర కూర్చున్న అక్క చేతుల వంక చూశాడు. కలుపుకొని తిన్నాడు. ఆ మొహం మాత్రం సమాధుల తోట నుంచి తిరిగొస్తున్నవాడిలా ఉంది.

అక్క చేతుల గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఆమె గుంటూరులో గోళ్ళ కోర్సు చేసి వచ్చింది. జెల్ రంగు వేయడం, పొడుగు గోళ్ళు అతకడం, వాటి మీద పూలు, ఆకులు, నెమలి కన్నులు వేయడం. మా అక్కకు చిన్నప్పటి నుంచీ బొమ్మలంటే ప్రాణం. బియ్యపు గింజంత చోటులో మందార పువ్వు వేసి, దాని కేసరం కూడా కనపడేలా చేయగలదు. ఫేషియల్, జడ, చీర కట్టడం అందరు పార్లర్లవాళ్ళూ చేస్తారు. గోళ్ళ కోసం మాత్రం తుళ్లూరు వైపు నుంచి కూడా పెళ్ళికూతుళ్ళు కార్లు వేసుకొని మా సందులోకి వచ్చేవారు.

ఆరు నెలలుగా ఆ చేతులే పాడవుతున్నాయి. ముందు వేళ్ళ చివర్ల దురద పుట్టింది. తర్వాత చిన్న చిన్న నీటిపొక్కులు. అవి పగిలి తోలు పొరలు పొరలుగా లేచింది. రేషన్ దగ్గర వేలిముద్ర పడలేదు. ఫోను కూడా ఆమె వేలిని గుర్తుపట్టడం మానేసింది. రాత్రుళ్ళు నిద్రలో గీరుకునేది.

మా వీధిలో ఎవరికీ ఇది వింతగా అనిపించలేదు. మిర్చి సీజన్లో చేతులు మండని ఆడమనిషి అక్కడ లేదు. అక్క కూడా ఆదివారం మధ్యాహ్నాలు అమ్మ పక్కన కూర్చొని, ఇంటికి తెచ్చిన కాయలకు తొడిమలు తీసేది. అందుకని చూసినవాళ్ళంతా మిరపకాయనే తిట్టి, తమకు తెలిసిన వైద్యమే చెప్పారు. పుల్లటి మజ్జిగలో చేతులు ముంచు. ఆముదం రాయి. పాత నూలు చీర చింపి వేళ్ళకు చుట్టుకో.

అమ్మ తన మెత్తటి పాత చీర ఒకటి పేలికలుగా చింపి ఇచ్చింది. తొడిమలు తీసేటప్పుడు ఆడవాళ్ళు వేళ్ళకు అలాగే చుట్టుకుంటారు. అక్క అవి చుట్టుకొనే పార్లర్‌లో గోళ్ళు వేసేది. పొక్కులకు ఇక గాలి తగలదు, కారం తగలదు అని అందరం ధైర్యంగా ఉన్నాం.

కారం లేని ఆ వారం గోంగూర కూడా వండారు. మిరపకాయ లేని గోంగూరను నాన్న కాసేపు వాసన చూసి, “ఇదెవరు, మన గోంగూర చెల్లెలా?” అన్నాడు. చెంచయ్య మామ గోడ మీదుగా, “ఏసోబూ, నీ మూట మా కొట్టంలో భద్రంగా ఉందిరా, చూడాలనిపిస్తే రా” అని ఏడిపించాడు. నాన్న నిజంగానే వెళ్ళి చూసొచ్చాడని మాకు అనుమానం.

వారం గడిచింది. అక్క చేతులు తగ్గలేదు. ఇంకా ఎక్కువయ్యాయి. అది మాఘమాసం, పెళ్ళిళ్ళ రద్దీ. రోజంతా జెల్ సీసాల ముందే కూర్చునేది.

“ఇప్పుడేమంటారు డిగ్రీగారూ?” అన్నాడు నాన్న.

ఆ తర్వాత మా చర్చిలో వారం రోజుల ప్రార్థన సభలు వచ్చాయి. అక్క పాటల బృందంలో పాడుతుంది, వంటల దగ్గరా ముందుంటుంది. అందుకని ఆ వారం పార్లర్ మూసేసింది. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళందరికీ భోజనాలు పెట్టాలి. పండుమిరపకాయల పచ్చడి పెద్ద రోట్లో నూరుతుంటే అక్క కూడా రోకలి అందుకుంది. అమ్మ చూసి గోల పెట్టింది.

“నీకేమన్నా పిచ్చా? ఆ చేతులతో కారం ముడతావా? లెయ్యి అక్కణ్ణుంచి.”

“ఎలాగూ మండుతున్నాయిగా అమ్మా, ఇంకాస్త మండనియ్యి” అంది అక్క, నవ్వుతూ. ఆ రోజు మంట పుట్టింది నిజమే. తెల్లారేసరికి పోయింది. మర్నాడు మళ్ళీ నూరింది.

సభలు ముగిసిన ఆదివారం భోజనాల దగ్గర నాన్న ఉన్నట్టుండి అక్క చెయ్యి పట్టుకొని వెలుతురులోకి తిప్పాడు.

“ఒరేయ్ ప్రసన్నా, ఇటు రా.”

వెళ్ళి చూశాను. పొక్కులు ఎండిపోయాయి. పగుళ్ళ కింద లేత తోలు వస్తోంది.

“వారమంతా కారంలో ముంచి లేపారు. తగ్గింది” అన్నాడు నాన్న. “అంటే ఏంటి?”

“అంటే కారం వల్ల కాదు నాన్నా.”

నాన్న పళ్ళెం అంచున ఉన్న పచ్చిమిరపకాయను తీసి కళ్ళ ఎదుట ఎత్తి పట్టుకున్నాడు. “ఏమనుకోకమ్మా, అనవసరంగా నింద వేశాం” అని సగానికి కొరికాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు సంగతి తెలియక, ఆయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు.

కారం కాకపోతే మరేమిటి? ఆ వారంలో అక్క ముట్టనిది పార్లర్ ఒక్కటే. సాయంత్రం తాళం తీయించి సీసాలన్నీ వరసగా పెట్టాను. చీమ తలకాయంత అక్షరాల్లో పేర్లున్నాయి. చదువుతుంటే కాలేజీ ల్యాబు గుర్తొచ్చింది. అన్నీ ఎక్రిలేట్లు అనే ఒకే కుటుంబం రసాయనాలు. ద్రవంగా ఉన్నప్పుడు చిన్న చిన్న అణువులు. గోళ్ళు ఆరబెట్టే యూవీ దీపం వెలుగు పడితే ఒకదాన్నొకటి పట్టుకొని గట్టి ప్లాస్టిక్ అవుతాయి.

“తెలుగులో చెప్పు” అంది అక్క.

“మా మిల్లులో దూది నుసి ఎగురుతుంది చూడు. అది ముక్కులోకి పోతుంది, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అదే దూది కదురెక్కి నూలయ్యాక ఎక్కడికీ పోదు, కండె మీదే ఉంటుంది. నీ జెల్ కూడా అంతే. గట్టిపడితే ఏం చేయదు. సీసాలో ఉన్నప్పుడు, బ్రష్షు మీద ఉన్నప్పుడు నుసి లాంటిది. తోల్లోకి దిగుతుంది.”

అక్క తన వేళ్ళ వంక చూసుకుంది. సీసా మూత తిప్పినప్పుడల్లా అంటుకున్న జిగట, బ్రష్షు తుడిచిన పేలిక, గోరు పక్కకు జారిన రంగును బొటనవేలితో సవరించడం. రెండేళ్ళుగా అవన్నీ చేసిన వేళ్ళు అవి.

గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె అక్క వీపు మీద రకరకాల మందులు పూసిన చిన్న చిన్న పట్టీలు అంటించి, రెండు రోజులు తడపకుండా ఉంచి మళ్ళీ రమ్మంది. ఆ రెండు రోజులూ అక్క బస్సు సీటుకు ఆనకుండా, మంచం మీద బోర్లా పడుకొని, అందరి మీదా విసుక్కుంది. పట్టీలు తీసి చూస్తే ఎక్రిలేట్ల చోట్ల మాత్రం ఎర్రగా దద్దురు లేచి ఉంది.

“చూశావా, నీ ఒంటికి ఇది పడదు” అంది డాక్టరమ్మ. “వేళ్ళకు ఆ గుడ్డ ఎందుకు చుట్టావు?”

“కారం తగలకుండా అండి.”

డాక్టరమ్మ నవ్వింది. ఆమెదీ ఈ ప్రాంతమే. “మిరపకాయకు ఆ గుడ్డ మంచిదేనమ్మా. ఇది ద్రవం. గుడ్డ దీన్ని వత్తిలా పీల్చుకుని రోజంతా నీ వేలికే పట్టి ఉంచింది. మందు కట్టు కట్టినట్టు నువ్వే కట్టుకున్నావు.”

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. అమ్మకు ఈ మాట చెప్పకూడదని అక్కడే అనుకున్నాం. చెప్పకుండా ఉండలేకపోయాం. అది వేరే సంగతి.

“చేతులకు తొడుగులు వేసుకుంటే చాలదా అండి?” అని అడిగింది అక్క.

“మామూలు రబ్బరువి అసలు పనికిరావు, ఈ ద్రవం నిమిషాల్లో వాటిలోంచి దిగిపోతుంది. నైట్రైల్ అని నీలం రంగువి వస్తాయి, అవి కాస్త నయం. చుక్క పడితే వాటినీ వెంటనే తీసి పారేయాలి. కానీ అది ఇంకా అలర్జీ రానివాళ్ళకు చెప్పే మాట. నీకు వచ్చేసింది. ఒంటికి ఒకసారి పడకపోయిందంటే ఇక మరిచిపోదు. మళ్ళీ మళ్ళీ తగిలితే చేతులతో ఆగదు. రేపు పన్ను పూడ్పించుకోవాలన్నా, కీళ్ళ ఆపరేషన్ అన్నా ముందే డాక్టరుకు చెప్పుకోవాలి. అక్కడ వాడేవాటిల్లోనూ ఈ ఎక్రిలేట్లే ఉంటాయి. నా మాట విని గోళ్ళ పని మానెయ్యి.”

తిరుగు బస్సులో అక్క కిటికీ పక్కన కూర్చుంది. యడ్లపాడు దాటాక అంది.

“ఫేషియల్ ఎవరైనా చేస్తారురా. నా దగ్గరికి గోళ్ళ కోసమే వస్తారు.”

“ముబీన్‌కు నేర్పు.”

“అది కూడా నాలాగే అయితే?”

ముబీన్ అక్క దగ్గర కనుబొమ్మలు తీసే అమ్మాయి. చేతి ఒడుపు ఉంది, నోరు అంతకంటే ఉంది. మర్నాడు ముబీన్‌ను కూర్చోబెట్టి నేను ఎక్రిలేట్ల గురించి చెప్పాను. ఆమె తల ఊపుతూ విని, నీలం తొడుగులు వేసుకొని, బ్రష్షు ముంచి, ఫోను మోగగానే అదే చేత్తో అందుకోబోయింది.

“ఏయ్, మిరపకాయ చెయ్యి” అని అరిచింది అక్క.

ముబీన్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. వాళ్ళమ్మ కూడా తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కారం చేతులతో కన్ను నలపకూడదు, బిడ్డను ఎత్తుకోకూడదు, చెమటను మోచేతి పైభాగంతో తుడుచుకోవాలి, బొక్కెన, చెంబు ముట్టుకునే ముందు కడుక్కోవాలి. ఇవి మా వీధుల్లో పిల్లలకు నడకతోపాటు వచ్చేస్తాయి.

“అలా చెప్పొచ్చు కదక్కా” అంది ముబీన్. “ప్రసన్నన్న అరగంట నుంచి ఇంగ్లీషు పేర్లు చెప్తున్నాడు.”

“అరగంట కాదు, పది నిమిషాలే” అన్నాను.

“మాకు అరగంటలా ఉందిలే అన్నా.”

ఆ రోజు నుంచి పార్లర్‌లో అదే మాట. సీసా మూతి తుడిచిన కాగితం మూత ఉన్న డబ్బాలోకే పోవాలి, అది మిరపకాయ కాగితం. గోరు దాటి రంగు చర్మం మీదికి జారితే దీపం కింద పెట్టకముందే పుల్లతో తీసేయాలి. జెల్‌ ఏ కంపెనీదో దీపమూ ఆ కంపెనీదే, చెప్పినంతసేపూ ఉంచాలి. లేకపోతే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉంటుంది. గోరు రాకేటప్పుడు మూతికి మాస్కు, కిటికీ బార్లా తెరిచి ఉండాలి. అక్క మాత్రం దూరంగా కుర్చీలో, చేతులు వెనక్కి కట్టుకొని కూర్చుని చెప్పేది. బ్రష్షు తీసుకోబోయి ఆగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

అప్పుడు వచ్చింది శ్రీరమ్య ఫోను.

శ్రీరమ్యది తుళ్లూరు. దసరాకు అక్క చేతనే గోళ్ళు వేయించుకున్న ఆ అమ్మాయికి ఇప్పుడు పెళ్ళి. రాజధానికి భూములిచ్చిన కుటుంబం. ఆ ఇంటి నుంచి మంచి మాట వస్తే ఆ వైపు పెళ్ళిళ్ళన్నీ అక్క చేతికి వచ్చినట్టే. చెడ్డ మాట వచ్చినా అంతే వేగంగా పాకుతుంది. “మీరే వేయాలి హెలెనక్కా, మీ అసిస్టెంటు వద్దు” అంది ఆ అమ్మాయి. అక్క “వస్తానమ్మా” అని మాత్రం అంది.

పెళ్ళికి ముందు రోజు కారు పంపారు. అక్క, ముబీన్, దీపాల పెట్టె పట్టుకొని నేను. నాకు మిల్లులో ఆ రోజు సెలవు. కారులో చూస్తే అక్క సంచిలో రెండు జతల తొడుగులు తన కొలతవి ఉన్నాయి.

“నువ్వే వేస్తావా?” అన్నాను.

“ఒక్కసారికి ఏమైపోతుందిరా. ఒకదాని మీద ఒకటి వేసుకుంటా.”

“డాక్టరమ్మ ఏమంది?”

“ఇప్పుడే వద్దు. దిగేటప్పుడు చెప్పు.”

దిగేటప్పుడు చెప్పే అవకాశం రాలేదు. ఇల్లంతా జనం. శ్రీరమ్య నానమ్మ వెంకటరావమ్మగారు వాకిట్లోనే కుర్చీ వేసుకొని వచ్చేపోయేవాళ్ళందరికీ ఆజ్ఞలు జారీ చేస్తున్నారు. మమ్మల్ని చూసి, “గోళ్ళవాళ్ళొచ్చారే” అని ఇంట్లోకి కేకేశారు. గోళ్ళు చూడాలని తనూ లేచి మా వెంటే వచ్చారు. ఎనిమిది మంది ఆడపిల్లలు మంచం చుట్టూ చేరారు.

అక్క రెండు జతల తొడుగులూ వేసుకుంది. నా వంక చూడలేదు. బ్రష్షు సీసాలో ముంచి, శ్రీరమ్య చెయ్యి తీసుకొని దగ్గరికి లాక్కుంది. లాక్కుని, అలాగే ఆగిపోయింది.

“ఇదేంటమ్మా?” అంది.

శ్రీరమ్య వేళ్ళ చివర్లు కందిపోయి ఉన్నాయి. గోళ్ళ పక్కన తోలు లేచి ఉంది.

“ఏం లేదక్కా, తగ్గిపోతుంది. పండుమిరపకాయ పచ్చడి నూరాను.”

“మిక్సీలో వేస్తే రుచి రాదని నేనే నూరించా” అన్నారు వెంకటరావమ్మగారు. “అలవాటు లేని చేతులు, మండాయి. కానివ్వు, దాని మీద రంగు పడితే కనపడదులే.”

నిజమే, కనపడదు. వీడియోలో కూడా కనపడదు. అక్కకు కావలసింది ఓ గంట. మంచి పేరు తీసుకొని కారెక్కి వచ్చేయొచ్చు. అక్క బ్రష్షును సీసాలో పెట్టి మూత తిప్పింది. తొడుగులు తీసేసింది. తన వేళ్ళను శ్రీరమ్య వేళ్ళ పక్కన పెట్టింది. పాత మచ్చలు, ఇంకా గరుకు పోని చివర్లు, అన్నీ ఆ వెలుతురులో కనిపించాయి.

“నావి చూసి కూడా మావాళ్ళు మిరపకాయే అనుకున్నారు” అంది.

గదిలో ఎవరో “అమ్మో” అన్నారు. వెంకటరావమ్మగారు ముందుకు వంగారు.

“అవేం చేతులమ్మాయ్? ఏదన్నా అంటురోగమా? ఆ చేతులతోనా మా పిల్లను ముట్టుకున్నావు, పెళ్ళి పెట్టుకొని?”

అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“అంటుకునేది కాదమ్మగారూ. ఈ రంగు మందు పచ్చిగా తోలుకు తగిలితే కొందరికి పడదు. నాకు పడలేదు. గుంటూరులో డాక్టరమ్మ పరీక్ష చేసి చెప్పింది. శ్రీరమ్యా, నేను పోయిన దసరాకు వేసినవి తీసేశాక మళ్ళీ ఎక్కడన్నా వేయించుకున్నావా?”

శ్రీరమ్య మంచం కింద నుంచి ఒక గులాబీ డబ్బా లాగింది. ఆన్‌లైన్లో తెప్పించుకున్న కిట్టు. అరచేతిలో పట్టేంత బుల్లి దీపం, నాలుగు సీసాలు. “ప్రాక్టీసు చేశానక్కా. వారం వారం మార్చాను.”

“గోరు దాటి పక్కకు పడేదా?”

“పడకుండా ఎలా ఉంటుంది? ఎడం చేత్తో కుడి చేతికి వేసుకున్నాగా.”

“దురద ఎప్పటి నుంచి? పచ్చడి కంటే ముందేనా?”

“చాలా ముందు నుంచే.”

వెంకటరావమ్మగారు ఆ డబ్బా వంక, మనవరాలి వంక, అక్క వంక మార్చి మార్చి చూశారు. “అయితే నా పచ్చడి కాదంటావా?”

“కాదమ్మగారూ. మా ఇంట్లో అయితే ఇది తెలుసుకోవడానికి వారం పాటు కారమే మానేశాం.”

“వారమా? మీ నాయన బతికే ఉన్నాడా?”

“ఉన్నాడండి. కొంచెం చిక్కాడు.”

ముందు నవ్వింది ఆవిడే. ఆ తర్వాత ఆడపిల్లలంతా నవ్వారు. శ్రీరమ్య నవ్వబోయి ఏడ్చేసింది.

“అయితే నాకు గోళ్ళు వేయరా? ఫోటోల్లో ఎలా ఉంటానక్కా?”

“వేయనమ్మా” అంది అక్క. “ఇవాళ నీకు వేసి డబ్బు తీసుకుంటే, ఆర్నెల్లకు నీ వేళ్ళు నా వేళ్ళలా అవుతాయి. నాకు చేసేది తెలియక అయింది. నీకు తెలిసి చేయలేను. పొట్టిగా, నున్నగా కత్తిరించి సీసా రంగు, మామూలుది, చర్మానికి తగలకుండా వేస్తాను. అందులో ఈ మందు లేదు. పెళ్ళయ్యాక డాక్టరుకు చూపించుకో.”

“నా పెళ్ళికి గోళ్ళ మాట ఎవరికి పట్టింది?” అన్నారు వెంకటరావమ్మగారు. “పసుపులో చేతులే కనపళ్ళేదు. నా వంకీ, నా రాళ్ళ గాజులు నీకిస్తా. ఫోటో తీసేవాడు గోళ్ళ దాకా రాడు, గాజుల దగ్గరే ఆగిపోతాడు. ఏడుపు ఆపు, కాటుక కారితే అది ఫోటోలో పడుతుంది.”

అక్క ఆ గోళ్ళకు తన చేత్తోనే మామూలు ఎరుపు వేసింది. అంత శ్రద్ధగా ఆమె నెమలికన్ను వేసినప్పుడు కూడా కూర్చోలేదు. మిగతా పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ముందు చేతులు చూపించి, ఏ పుండూ దురదా లేదని తేలాక ముబీన్ ముందు కూర్చున్నారు. ముబీన్ ఒక్కొక్కరికీ తొడుగులు మారుస్తూ, “చెయ్యి కదిపితే మిరపకాయే” అని బెదిరిస్తూ జెల్ వేసింది. ఆ పిల్లలకు ఆ మాట అర్థం కాకపోయినా బాగా నచ్చింది. వెళ్ళేదాకా ఒకరినొకరు అలాగే పిలుచుకున్నారు.

పెళ్ళయ్యాక శ్రీరమ్య డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అదే జబ్బు, తొందరగా తెలిసింది కనుక తొందరగా తగ్గింది. వెంకటరావమ్మగారు ఆ వైపు బంధువులందరికీ ఫోన్లు చేసి, పచ్చడి తప్పేమీ లేదన్న సంగతి ముందూ, మా అక్క సంగతి తర్వాతా చెప్పారట. కొందరు భయపడి మా సందుకు రావడం మానేశారు. కొందరు కూతుళ్ళ చేతులు చూపించడానికే వచ్చారు, వచ్చినవాళ్ళు జడలు వేయించుకొని వెళ్ళారు. పార్లర్ నడుస్తోంది.

అక్క జెల్ బ్రష్షు మళ్ళీ పట్టుకోలేదు. తెల్ల కాగితం మీద పూలు, లతలు గీసి గోడకు అంటిస్తుంది, ముబీన్ వాటిని చూసి గోళ్ళ మీద వేస్తుంది. మొదట్లో ముబీన్ వేసిన మందారం క్యాబేజీలా ఉండేది. ఇప్పుడు మందారంలాగే ఉంటోంది. “కేసరం ఇంకా లావుగా వస్తోందే” అని అక్క అంటే, “మీరు కాగితం మీద వేసినంత సుఖం కాదక్కా, ఇది కదులుతుంది” అంటుంది. అక్క వేలిముద్ర రేషన్ మెషీను మీద మళ్ళీ పడుతోంది. బల్ల మీద ఎక్కడైనా తుడవని చుక్క ఉంటే మాత్రం ఆ సాయంత్రానికి చూపుడువేలు దురద పెడుతుంది. ముబీన్ వెంటనే బల్లంతా తుడిచి, ఆ కాగితం మూత డబ్బాలో వేస్తుంది. ముబీన్ వేళ్ళు మాత్రం ఇప్పటికీ నున్నగా ఉన్నాయి. అక్క వారానికోసారి ఆ వేళ్ళను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తుంది.

మా చర్చిలో సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు, చెప్పడానికి నిలబడినవాళ్ళు, కూర్చునే ముందు తమకోసం ప్రార్థన చేయమని అడుగుతారు. అక్క నిలబడి తన గురించి ఎప్పుడూ అడగలేదు. అందుకే ఆమె బదులు నేను అడుగుతున్నాను. మీరు ఎప్పుడైనా గోళ్ళకు రంగు వేయించుకోవడానికి చెయ్యి చాపితే, అవతల మీ చెయ్యి పట్టుకున్న అమ్మాయి వేళ్ళ వంక ఒకసారి చూడండి. తొడుగులు లేకపోతే వేసుకోమనండి, మీకు ఆలస్యమైనా ఫర్వాలేదనండి. ఆ పూట, ప్రార్థన చేసే అలవాటున్నవాళ్ళు ప్రార్థనలో, లేనివాళ్ళు ఊరికే మనసులో, చిలకలూరిపేట బస్టాండు వెనక సందులో కాగితాల మీద మందారాలు గీసుకుంటున్న మా హెలెన్ అక్కను తలచుకోండి.